ముప్పయ్యారు అంగుళాల గుమ్మం

రోజూ పొద్దున్నే లెక్కల టీచరుగారు చేసే మొదటి పని గుమ్మం తుడవడం. రెండో పని, కొలిచే టేపును మేకుకు తగిలించడం. రిటైరయ్యాక ఆవిడ సైకిళ్ల షాపు పైనున్న గదిలో కూర్చుని, ఎవరికి ఏ కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఎంతుందో చెబుతున్నారు.

నిజానికి చెప్పేది గుమ్మమే. అప్లికేషన్ చేత్తో పట్టుకుని, బయట నిలబడి, కాలేజీ పేరు పైకి అనాలి. గుమ్మం దాన్నిబట్టి సన్నబడుతుంది. మామూలుగా దాని వెడల్పు ముప్పయ్యారు అంగుళాలు. అలాగే ఉండిపోతే సీటు ఖాయం. పద్దెనిమిదికి వస్తే సగం. తొమ్మిదికి వస్తే పావు. అప్పుడు పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. కింద సైకిళ్లాయన మాత్రం, "కీచుమంటోంది, కాస్త నూనె వెయ్యండి టీచరుగారూ," అని అప్పుడప్పుడూ పైకి కేకేసేవాడు.

అప్లికేషన్లకు ఆఖరి రోజున, పదింటికల్లా పుస్తకాల బైండింగాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకకు వంతెనలు కట్టడం నేర్చుకోవాలని ఉంది. అది నేర్పే కాలేజీ ఏడాదికి నలభై మందినే తీసుకుంటుంది. సాయంత్రం ఐదు లోపల అప్లికేషన్ అక్కడ ఇచ్చెయ్యాలి.

ఆ అప్లికేషన్ చూస్తే నిఘంటువు అనుకోవాలి. ఎర్ర గుడ్డ అట్ట, దానిమీద బంగారు అక్షరాలతో పిల్ల పేరు, లోపల మూడొందల దళసరి కాగితాలు, నాలుగంగుళాల మందం.

పిచ్చుక దాన్ని రెండు చేతులా ఎత్తుకుని కాలేజీ పేరు చెప్పింది. గుమ్మం కీచుమని దగ్గరికి జరిగి జరిగి ఆగింది. టీచరుగారు లోపలినుంచి టేపు పెట్టారు.

"మూడు."

"మూడేమిటండీ, పిల్లి కూడా దూరదు," అన్నాడు బైండింగాయన. "సరిగ్గా వినలేదేమో. ఇంకోసారి చెప్పమ్మా."

"దానికి చెవుడు లేదు. ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

మూడంగుళాల్లో పుస్తకం పట్టలేదు. పక్కనున్న కిటికీలోంచి ఇచ్చారు. టీచరుగారు కళ్లజోడు సర్దుకుని తిరగేశారు.

"కప్పగంతుల్లో మొదటి బహుమతి. ఇదెప్పటిది?"

"నాలుగేళ్లప్పుడండీ. ఏడుగురిలో ఫస్టు."

"ఆరుగురే నాన్నా. ఒకడు ఏడుస్తూ కూర్చున్నాడు," అంది పిచ్చుక.

"మరి ఈ వ్యాసం? 'పసితనం నుంచీ మానవాళి కన్నీరు తుడవాలన్నదే నా ఏకైక తపన.'"

"మా బావమరిది రాసిచ్చాడండీ. పేపర్లో పనిచేస్తాడు."

"ఎవరి కన్నీరు తుడిచావే?"

పిచ్చుక నేలచూపులు చూసింది. "ఎవరిదీ లేదండీ. రాసేటప్పుడు మామయ్యే ఏడ్చాడు."

టీచరుగారు బోర్డు ముందు నిలబడ్డట్టే ఓపిగ్గా చెప్పారు. "చూడండి నాయనా. ఆ కాలేజీలో కూర్చుని అప్లికేషన్లు చదివేవాళ్లకు ఇలాంటివి రోజుకు వంద వస్తాయి. వాళ్లు వెతికేది పిల్లను. ఇందులో పిల్ల ఎక్కడుంది?"

బైండింగాయన పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, కుట్టు మీద వేలితో నిమిరాడు. వారం రోజుల పని అది. ఇంత అందంగా ఆయన దేన్నీ బైండు చెయ్యలేదు. కాసేపటికి జేబులోంచి చాకు తీసి, దారం తనే కోశాడు.

కప్పగంతులు తీసేస్తే గుమ్మం అంగుళం వెడల్పయింది. పాట, బొమ్మలు, పరిశుభ్రత బహుమతులు తీసేస్తే ఇంకో రెండు. మామయ్య కన్నీళ్లు తియ్యగానే ఏకంగా నాలుగు.

"వాడికి మాత్రం చెప్పకండి," అన్నాడు బైండింగాయన.

పది దగ్గర గుమ్మం ఆగిపోయింది. ఇక మిగిలినవి మార్కుల కాగితాలే.

"ఇప్పుడు నువ్వు రాయి," అన్నారు టీచరుగారు. "వంతెనలే ఎందుకు?"

పిచ్చుక మెట్టు మీద కూర్చుని గంటసేపు ఒక్క పేజీ రాసింది. చిన్నప్పుడు నాన్న షాపులో, గట్టిగా ఉంటుందని ఒక పుస్తకం వెన్నుకు జిగురు దట్టించిందట. తెరవగానే అది ఫెళ్లున విరిగింది. కాస్త వదులుంచితే వెయ్యిసార్లు తెరిచినా ఏమీ కాదని నాన్న చూపించాడు. ఆ తర్వాత ఏటి వంతెన మీద ముక్కకూ ముక్కకూ మధ్య వదిలిన సందు చూసి, ఇదీ నాన్న పనిలాంటిదే అనుకుందట.

ఆ కాగితం కూడా కలిపి పట్టుకుని పేరు చెప్పింది. టీచరుగారు రెండుసార్లు కొలిచారు.

"ఇరవై రెండు. సగానికి పైనే. ఖాయమని మాత్రం అనను."

పిచ్చుక నిటారుగా నడిచి లోపలికి వచ్చింది. వెనకాలే బైండింగాయన, బొజ్జ కొంచెం లోపలికి లాక్కుని.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. పిల్లను హాస్టల్లో దింపి వచ్చిన రోజు, బైండింగాయన ఆ ఉత్తరాన్ని ఎర్ర అట్టలో పెట్టుకుని టీచరుగారికి చూపించడానికి వచ్చాడు. గుమ్మం బయట ఆగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, అదే కాలేజీ పేరు తన కోసం చెప్పుకున్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి.

గుమ్మం కీచుమంది. టీచరుగారు లేచి టేపు పెట్టారు.

"రెండు."

"పూర్తిగా మూసుకుపోలేదు కదండీ," అన్నాడు సందులోంచి.

"లేదు. రేపు సాయంత్రం నోటుబుక్కు తెచ్చుకోండి. భిన్నాలతో మొదలుపెడదాం."

మర్నాడు ఆయన గుమ్మం ముందు నిలబడి మళ్లీ పేరు చెప్పాడు. అప్పుడే కుట్టిన పల్చటి నోటుబుక్కును, వెన్ను కాస్త వదులుగా ఉన్నదాన్ని, ఆ రెండంగుళాల సందులోంచి ముందుగా లోపలికి తోశాడు.