అన్నింటికీ ‘లేదు’

పటాలంలో కాంపౌండరుకున్నంత మంచిపేరు డాక్టర్లకు కూడా లేదు. సరిహద్దు శిబిరానికి పోయే ప్రతి జవానుకూ ఆరోగ్య పత్రాలు మూడు: వెళ్లేముందు ఒకటి, అక్కడున్నప్పుడు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి. ఒక్కోదానిలో ముప్ఫై నాలుగు ప్రశ్నలు. దగ్గు ఉందా, ఆయాసం ఉందా, పొగ పీల్చారా, నిద్ర పట్టని బాధ ఉందా. ప్రతి ప్రశ్న పక్కనా ‘ఉంది’, ‘లేదు’ అని రెండు గడులు. జవాన్లు వచ్చి వరసలో నిలబడేసరికే మన కాంపౌండరు అందరికీ ‘లేదు’ గడుల్లో టిక్కులు పెట్టి సిద్ధంగా ఉంచేవాడు. సంతకం పెట్టడమే వాళ్ల పని. శిబిరంలో ఉన్నవాళ్ల సంగతైతే ఇంకా తేలిక. అక్కణ్ణుంచి ‘అందరూ క్షేమం’ అని ఫోనొస్తే చాలు, ఇక్కడ కూర్చుని నలభై పత్రాలు నింపేసేవాడు.

దీన్ని మోసమంటే ఆయన కొట్టడానికొచ్చేవాడు. వెళ్లేముందు ఒక్క ‘ఉంది’ పడితే ఆ మనిషిని జాబితాలోంచి తీసేస్తారు, తోటివాళ్లు పిరికివాడంటారు. తిరిగొచ్చాక పడితే ఎక్స్‌రేలనీ, ఊపిరి పరీక్షలనీ రెండు వారాలు ఇంటికి వదలరు. గేటు బయట పెళ్లాం బిడ్డలు ఎదురుచూస్తుంటే లోపల కాగితాలతో కాలయాపన చేయడానికి ఆయనకు మనసొప్పేది కాదు. జాలిగుండె. అడక్కుండా చేసే ఉపకారమంత ప్రమాదం ఇంకోటి లేదని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

అదే పటాలంలో జవానైన అల్లుడు శిబిరం నుంచి తిరిగొచ్చిన రోజు కూడా అంతే. వరసలో తన వంతు రాగానే అతను గొంతు తగ్గించి చెప్పాడు.

“మామయ్యా, కొంచెం దగ్గొస్తోంది. అక్కడ చెత్త తగలబెట్టే గుంట మా గుడారం పక్కనే. రాత్రీపగలూ ప్లాస్టిక్ పొగ...”

“అంత దుమ్ములో ఎవరికి రాదయ్యా దగ్గు! అమ్మాయి పొద్దుటినుంచీ గేటు దగ్గర కాళ్లు పీకేలా నిలబడుంది. సంతకం పెట్టి పద, పద.”

అతను పెట్టాడు. మామగారి మాటకు ఎదురుచెప్పే మనిషి కాదు.

పద్నాలుగు నెలలు తిరిగేసరికి, ఇరవై మెట్లెక్కడానికి అతను రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయనీ, ఈ జబ్బు చూడగలిగేది సైన్యంవారి పెద్దాసుపత్రి ఒక్కటేననీ ఊళ్లో డాక్టరు చెప్పాడు. జబ్బు డ్యూటీ వల్ల వచ్చిందని తేలితేగాని అక్కడ మంచం ఇవ్వరు. అర్జీ పెట్టుకుంటే మెడికల్ బోర్డు నుంచి జవాబుతోపాటు మూడు పత్రాల నకళ్లూ వచ్చాయి. ముందు లేదు, మధ్యలో లేదు, తర్వాత లేదు. కాబట్టి సంబంధం లేదు.

కూతురు ఆ కాగితాలు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. “ఈ తోక టిక్కులు నా లెక్కల పుస్తకం నిండా ఉండేవి నాన్నా. ఇవి నీవే.”

మర్నాడే ఆయన కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని బోర్డు ఆఫీసుకెళ్లాడు. వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, లోపలికెళ్లి డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఉద్యోగం పోతే పోనీ, అల్లుడికి మంచం దొరికితే చాలనుకున్నాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఫైల్లోంచి మొదటి పత్రం తీసింది.

“వచ్చాక నింపింది అబద్ధమంటున్నారు. సరే. మరి వెళ్లేముందు ఇతని ఊపిరితిత్తులు బాగున్నాయనడానికి ఇదొక్కటే ఆధారం. ఆరోజు స్టెతస్కోపు పెట్టి చూశారా?”

“చూశానమ్మా,” అన్నాడు. తెలిసి తెలిసి ఆడిన అబద్ధం ఆయన ఉద్యోగంలో అదే మొదటిది.

“పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి తొమ్మిదీ నలభైకి ముగించినట్టు మీరే రాశారు. నలభై ఇద్దరు మనుషులు. అందర్నీ చూశారా?”

ఆయన తల వంచుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తను తవ్వినవే.

“ఇదీ చెల్లదు, అదీ చెల్లదు. జబ్బు అక్కడే వచ్చిందని నేను దేన్ని పట్టుకుని రాయాలి? ఇంకో సంగతి. మీరు నింపిన ఈ ‘ముందు’ పత్రాల మీదే, శిబిరంలోనే జబ్బుపడి నేరుగా వచ్చి చేరిన పదిహేడు మందికి ఇప్పుడు ఆ ఆసుపత్రిలో వైద్యం జరుగుతోంది. మీరు చెప్పింది నేను రాసుకుంటే వాళ్ల ఫైళ్లన్నీ తిరగతోడతారు. మీ అల్లుడికి మాత్రం ఒరిగేదేమీ లేదు.” ఆవిడ కలం మూత తీసి పట్టుకుంది. “రాసుకోమంటారా?”

జీవితమంతా ఒక్క మాట కూడా అడక్కుండా టిక్కులు పెట్టిన మనిషిని ఇవాళ ఎదుటి మనిషి కలం పట్టుకుని అడుగుతోంది.

“వద్దమ్మా,” అన్నాడు చివరికి.

వరండాలో కూతురు లేచి నిలబడింది. “చెప్పావా?”

“చెప్పానమ్మా.”

“రాసుకున్నారా?”

పదిహేడు మంది సంగతి చెప్పాడు. చెబుతూ గోడను చూశాడే తప్ప ఆమె ముఖం చూడలేదు.

అల్లుడు బల్ల అంచు పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. “ఆ పదిహేడు మందిలో... మా బండి డ్రైవరు కూడా ఉన్నాడు మామయ్యా. చంటిపిల్లల తండ్రి. మంచి పనే చేశారు. పోనీలెండి.” ఆ నాలుగు ముక్కలకే దగ్గుతెర వచ్చి అతను ముందుకు వంగిపోయాడు.

కూతురు భర్త వీపు నిమురుతూ ఉండిపోయింది. దగ్గు ఆగాక అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని మెల్లగా లేపింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. తండ్రికి అందుకే ఎక్కువ భయం వేసింది.

“రెండు వారాలే కదా నాన్నా,” అంది. “ఆ గేటు దగ్గరే నిలబడి ఉండేదాన్ని. నన్నొక్క మాట అడగాల్సింది.”