మూడో ప్లేటు

కడపలో మిషను దొర ఇంగ్లండుకు వెళ్ళిపోతూ బంగళాను ఓబుళరెడ్డికి అమ్మాడు. కుర్చీలు, బీరువాలు, గ్రామఫోను, లేవి అనే వంటమనిషి, అన్నీ ఆ ఒక్క బేరంలోనే రెడ్డి చేతికి వచ్చాయి. అది యాభై రెండో సంవత్సరం.

దొర ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక గ్రామఫోను మీద పియానో కన్సర్టో ఒకటి పెట్టుకొనేవాడు; పియానోతో పాటు బోలెడు వాయిద్యాలు మోగే ఆ పాట ఐదు ప్లేట్ల పొడుగు. ఇనుప సూది ప్లేటును కొరికేస్తుందని, లేవి చేత తుమ్మముళ్ళు కోయించి, ఎండబెట్టి, చెక్కించి సూదికి బదులు వాడేవాడు. ప్లేటు తిప్పేదీ లేవియే. అట్లా లేవి పద్దెనిమిదేండ్లు విన్నాడు. మూడో ప్లేటంటే అతనికి ప్రాణం. అక్కడ వాయిద్యాలన్నీ ఆగిపోయి పియానో ఒక్కటే మెల్లగా పలుకుతుంది.

రెడ్డి ఇనుప సూదే వాడాడు. అదీ మొద్దుబారేదాకా ఒకటే. చుట్టాలొస్తే నవ్వుకోవడానికి దొర ప్లేట్లు పెట్టేవాడు.

“ముల్లుతో పెట్టు సామీ, పాట అరిగిపోతాండాది,” అన్నాడు లేవి, గుప్పెడు ముళ్ళు చూపించి.

“తీస్కపోయి కంచెకేసుకో. ఏముండాదిరా దీంట్లో? డబ్బాల మింద ఎలుకలు ఉరికినట్టుండాది.”

“ఊరంతా గమ్మున కూసుంటే ఒక ముసిలామె నిదానంగా న్యాయం చెప్పినట్టుంటాది సామీ.”

ఏడాది తిరక్కముందే మూడో ప్లేటులో సరిగ్గా ఆ చోటే గీత పడింది. రెడ్డి బావమరిది వచ్చిన రోజు సూది అక్కడ చిక్కుకొని ఒకే ముక్కను పదేపదే పలికింది. వడ్డిస్తున్న లేవి తట్టుకోలేక, మిగిలింది నోటితో అనేశాడు. గరిటె పట్టుకొని, కండ్లు మూసుకొని, చివరిదాకా.

“మా వంటోని కడుపులో పియానో ఉండాది బామ్మర్దీ,” అన్నాడు రెడ్డి. అందరూ పొట్టలు పట్టుకొని నవ్వారు.

ఆ తర్వాత ప్రతి విందులోనూ అదే ఆట. ఒకసారి ఎలక్షను మనుషులొచ్చినప్పుడు, వాళ్ళలో ఒకడు మధ్యలో మేకలా అరిచి జత కలిపాడు. మరునాడు పొయ్యి ముందర లేవి తనలో తాను పాడుకోబోతే, పియానో కంటే ముందు ఆ మేక వినబడింది.

మళ్ళీ విందులో పాడమని పిలిచినప్పుడు లేవి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“మర్సిపోయినా సామీ.”

“పద్దెనిమిదేండ్లు విన్నది మర్సిపోతావేంరా?”

“మర్సిపోయినా.”

అతిథుల ముందు రెడ్డి ముఖం మాడింది. “అయితే రేపట్నుంచి వంటకూ రావాకు,” అన్నాడు.

ఇంటికొచ్చిన లేవిని భార్య గిడ్డమ్మ అడిగింది.

“కూడు పోయేంతగా, నిజంగానే మర్సిపోతివా?”

“యాడ మర్సిపోతా,” అన్నాడు లేవి. “మేకతో సహా గుర్తుండాది.”