నీలం అన్న జవాబు

ఆమె ప్రశ్నలు తయారుచేసేది బల్ల దగ్గర కాదు, సింకు దగ్గర. ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో పీచు, నోట్లో ప్రశ్న. అదే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి పైకి అనుకునేది. కాగితం మీద ఎంత బాగున్నా యాంకరు నోటికి పట్టకపోతే ప్రశ్న దండగ. ఒత్తులు వరసగా వస్తే అతను తడబడతాడు. తడబడితే తప్పును ప్రశ్న రాసినవాళ్ళ మీదికి తోస్తాడు. అందుకని ప్రతి ప్రశ్నా ముందు ఆమె నోట్లో నాని, అరిగి, ఆ తరవాతే అట్టముక్క మీదికి ఎక్కేది. జవాబు కూడా పైకే అనేది. పక్కన జవాబు పడితే గానీ ప్రశ్న నిలబడిందో లేదో తెలియదని ఆమె నమ్మకం.

ఆ ప్రశ్నలు ‘మా కాలంలో!’ అనే కార్యక్రమానికి. వారానికోసారి టీవీలో వచ్చే క్విజ్ అది. మూడు జట్లు: పెద్దలు, నడిమివాళ్ళు, కుర్రకారు. ఒక తరాన్ని పట్టుకుని ఇంకో తరం సంగతులు అడగడమే ఆట. జవాబు ఒప్పయితే ఒక మార్కు. తప్పయినా హాలు పగలబడి నవ్వితే అర మార్కు. దాన్ని నవ్వు మార్కు అంటారు. ఒప్పుకు గంట ఒకసారి మోగుతుంది, నవ్వుకు రెండుసార్లు. చూసేవాళ్ళలో సగం మంది ఆ రెండో రకం గంట కోసమే చూస్తారు.

గంట ఆమె చేతిలో ఉండేది. ప్రశ్న రాసేదీ తీర్పు చెప్పేదీ ఆమే కాబట్టి స్టూడియోలో అందరూ జడ్జమ్మ అనేవారు. అంతకుముందు అదే ఛానెల్లో, వార్తల కింద పాకే అక్షరాలు రాసేది. వాటిని ఎవరు రాస్తారని ఎవరూ అడగరు. జడ్జి బల్ల ఎక్కాకే కూరగాయల దుకాణంలో ఆమెను గుర్తుపట్టి, ‘ఆ వంటాయనకి నవ్వు మార్కు ఎందుకివ్వలేదండీ’ అని నిలదీశారు. ఆ నిలదీత ఆమెకు నచ్చింది.

ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో కుదిరిన సంబంధాలూ, తప్పిన సంబంధాలూ, చావులూ, అలకలూ అన్నీ ఆమె చెవి మీదుగానే వెళ్ళేవి. ఒక్కటి కూడా ఇంటికి రాలేదు. ‘వినపడ్డం వేరు, వినడం వేరు’ అనేది. ఆ సంగతిలో ఆమె మీద మచ్చ లేదు. ఉన్నదల్లా ఇంకొకటి. ‘తెలియదు’ అనే మాట ఆమె నోటంట ఎవరూ వినలేదు. దారి అడిగినవాళ్ళను తప్పు వీధికైనా పంపేది గానీ, తెలియదని పంపేది కాదు.

కూతురు గిన్నెలు తోముతూ ప్రశ్నలు నములుతుంటే, తల్లి ముందు గదిలో బట్టలు మడతపెట్టుకునేది. మధ్యలో తలుపు ఉంది. దాన్ని వెయ్యాలని ఇద్దరికీ ఎప్పుడూ తోచలేదు.

స్టూడియో చూస్తానని తల్లి చాన్నాళ్ళుగా పోరుతుంటే, ఒక రికార్డింగుకు కూతురు వెంట తీసుకెళ్ళింది. ప్రేక్షకుల్లో వెనక వరసలో కూర్చోబెట్టి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో చెప్పి, తన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు పెద్దల జట్టులో ఒక దర్జీ, ఒక లెక్కల మాస్టారు వచ్చారు. మూడో మనిషి స్టేషన్ మాస్టరుగా చేసినాయన. పళ్ళ సెట్టు విరిగింది, రాలేనని ఫోను చేయించాడు.

ప్రొడ్యూసర్ హాలంతా ఒకసారి కలయజూశాడు. తెల్లజుట్టు ఒక్కటే కనపడింది.

“ఆవిడెవరు?”

“మా అమ్మ. వద్దు” అంది జడ్జమ్మ.

“వద్దంటే? కుర్చీ ఖాళీగా పెట్టి తియ్యమంటారా?”

“మన మనుషులు ఆడకూడదని రూలు మీరే పెట్టారు.”

“నేనే పెట్టాను, నేనే తీస్తున్నాను. ఒక్క మాట చెప్పండి. ఇవాళ్టి ప్రశ్నల్లో ఆవిడకి ఏదైనా చెప్పారా?”

“లేదు.”

“ఒక్కటైనా?”

“ఒక్కటి కూడా చెప్పలేదు.”

“మీ మాట చాలు” అని ప్రొడ్యూసర్ మేకప్ మనిషిని కేకేశాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. తల్లికి ఏదీ చెప్పలేదనే అనుకుంది.

కుర్రకారు జట్టుకు పెద్ద ఒక జిమ్ము ట్రైనరు. చేతులు కట్టుకుంటే కండలు కనపడతాయని చేతులు కట్టుకునే ఉన్నాడు. మొదటి రెండు ప్రశ్నలకూ పెద్దల జట్టు నుంచి ఎవరూ బజరు నొక్కలేదు. దర్జీ బజరును వేలితో తడిమి చూస్తున్నాడు. లెక్కల మాస్టారు ప్రశ్నను మళ్ళీ చదవమన్నారు.

“అమ్మమ్మగారూ, కునుకు తీస్తున్నారా? దిండు తెప్పించమంటారా?” అన్నాడు జిమ్ము కుర్రాడు.

హాలు నవ్వింది. తల్లి కుర్చీలో ముందుకు జరిగింది.

“పెద్దలకి ప్రశ్న!” అన్నాడు యాంకరు. “సెల్‌ఫోన్ తెర మీద విమానం బొమ్మ...”

బజరు మోగింది.

“సిగ్నళ్ళన్నీ ఆగిపోతాయి. ఫోను చేతిలోనే ఉంటుంది, మనం ఎవరికీ దొరకం” అంది తల్లి.

యాంకరు అట్టముక్క చూసుకున్నాడు. “నొక్కితే ఏమవుతుంది అని నేను అడగనేలేదు కదండీ!”

“అడుగుతావుగా, బాబూ.”

జడ్జమ్మ గంట ఒకసారి కొట్టింది. తల్లి దగ్గరున్నది బొత్తాల ఫోను. దాన్లో విమానం బొమ్మ లేదు. ఎక్కడైనా విని ఉంటుంది, పక్కింటి పిల్లలు చెప్పి ఉంటారు అనుకుంది. అనుకున్నదాన్ని ఆమె పూర్తిగా నమ్మలేదు.

నడిమివాళ్ళ వంతు, కుర్రకారు వంతు అయ్యాయి. పాతకాలపు ఫోన్లకు తాళం ఎక్కడ వేసేవారని అడిగితే జిమ్ము కుర్రాడు, “ఫోన్‌కి తాళమా? తాళంచెవి పోతే ఓటీపీ వస్తుందా?” అన్నాడు. రెండు గంటలు మోగాయి. మళ్ళీ పెద్దల వంతు వచ్చింది.

“ఫోన్లో మెసేజి పంపించాం. అవతలివాళ్ళకి అది చేరిందని తెలియడానికి...”

బజరు మోగింది.

“నీలం!” అంది తల్లి.

యాంకరు ఆగాడు. ప్రశ్న మిగతాది చదివాడు: “...ఎన్ని టిక్కు గుర్తులు పడతాయి?”

హాలు పగలబడి నవ్వింది.

“ఎన్ని అంటే నీలం అంటారేంటి అమ్మమ్మగారూ! రేపు మీ వయసెంత అంటే పసుపు అంటారా?” అన్నాడు యాంకరు.

నవ్వనిది జడ్జమ్మ ఒక్కతే. ఆ ప్రశ్న మొదట వేరుగా ఉండేది. ‘మెసేజి చదివారని తెలియడానికి గుర్తు ఏ రంగులోకి మారుతుంది? నీలం.’ అన్ని ఫోన్లలో ఒకేలా మారదని తరవాత దాన్ని కొట్టేసి, కొత్తది ఆఫీసులో రాసింది. పాత ప్రశ్న ఏ అట్టముక్క మీదికీ ఎక్కలేదు. అది ఉన్నది సింకు దగ్గరే. అక్కడే పుట్టింది, అక్కడే పోయింది. ఆ ప్రశ్న ఒకటి ఉండేదని తెలిసిన మనుషులు ప్రపంచం మొత్తం మీద ఇద్దరు.

నవ్వు ఆగట్లేదు. రూలు రూలే. ఆమె గంట రెండుసార్లు కొట్టింది. రెండో దెబ్బకు చెయ్యి గంట మీదే ఉండిపోయింది. తల్లి ఆ చేతినే చూసింది. బజరు మీంచి తన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

విరామంలో జడ్జమ్మ ప్రొడ్యూసర్ గదికి వెళ్ళింది.

“ఆపెయ్యాలి. ఆవిడకి ప్రశ్నలు తెలుసు.”

“చెప్పలేదన్నారు?”

“చెప్పలేదు. ఇంట్లో పైకి అనుకుంటూ రాస్తాను. విన్నది.”

ప్రొడ్యూసర్ అద్దంలోంచి హాలు వైపు చూశాడు. నడిమివాళ్ళ జట్టు తల్లి చుట్టూ చేరి సెల్ఫీలు తీసుకుంటోంది. “ఎవరికి తెలుసు? మీకు, నాకు. ఆ ‘నీలం’ చాలు, ఈ వారం గట్టెక్కినట్టే. మీరెళ్ళి కూర్చోండి.”

“నేను కూర్చోనంటే?”

“జడ్జమ్మా, ఆ బల్ల కోసం యాంకరు బావమరిది ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నాడో మీకు తెలుసు. ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడం ఉండదు.”

తల్లి మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుని నీళ్ళు తాగుతోంది. కూతురు తలుపు దగ్గరగా వేసింది.

“ఎన్ని విన్నావు?”

“నేను వినలేదే. వినపడింది.”

“అమ్మా!”

“అరిచి పాఠం అప్పజెప్పినట్టు రోజూ నువ్వు చదువుతావు. చెవులు తీసి అలమార్లో పెట్టుకోనా?”

“విన్నావు సరే. చెప్పడం ఎందుకు?”

తల్లి గ్లాసు కింద పెట్టింది. “వాడెవడో దిండు తెప్పిస్తానన్నాడు.”

“ఎక్స్ఛేంజ్‌లో నిన్ను ఎవరూ ఏమీ అనలేదా? అప్పుడెప్పుడూ నోరు జారలేదుగా.”

తల్లి అద్దంలో కూతుర్ని చూసి, “నీ ఉద్యోగానికి ఏమన్నా అవుతుందా?” అని అడిగింది.

“అవచ్చు.”

“సరే, పద. నేను నొక్కను.”

మాట నిలబెట్టుకుంది. రెండో భాగంలో బజరు వైపు చెయ్యి పోనివ్వలేదు. జిమ్ము కుర్రాడు దిండు సంగతి మళ్ళీ ఎత్తాడు, నడిమివాళ్ళు రెచ్చగొట్టారు, యాంకరు బతిమాలాడు. తల్లి పెదవులు బిగించి కూర్చుంది. అయినా దర్జీకి ధైర్యం వచ్చి, ఒకటి ఒప్పు చెప్పాడు. లెక్కల మాస్టారు ఎమోజీ అంటే ఏదో విటమిన్ అనుకుని నవ్వు మార్కు తెచ్చారు. ఆఖరికి వచ్చేసరికి పెద్దలు, కుర్రకారు సమానంగా నిలిచారు. కుర్రకారు ఆఖరి ప్రశ్న తప్పింది. పెద్దల ఆఖరి ప్రశ్న ఒక్కటే మిగిలింది.

ఆఖరి ప్రశ్నకు బజరు లేదు. అది సొంత కాలం ప్రశ్న. జట్టులో అందరికంటే పెద్దవాళ్ళు లేచి నిలబడి చెప్పాలి. దర్జీ, మాస్టారు వయసులు చెప్పుకుని తల్లి వైపు తిరిగారు. ఆమె లేచింది.

ఆ అట్టముక్క మీద ఏముందో జడ్జమ్మకు తెలుసు. అది తల్లి ఉద్యోగంలోంచి తీసిన ప్రశ్నే.

“అమ్మమ్మగారూ, పాతరోజుల్లో వేరే ఊరికి ఫోను కావాలంటే ఎక్స్ఛేంజ్‌కి చేసి అడిగేవాళ్ళం. ఆపరేటరు మనతో అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఏంటి?”

తల్లి యాంకరును చూసింది. జిమ్ము కుర్రాణ్ణి చూసింది. కూతురి వైపు చూడలేదు.

“తెలియదు” అంది.

“ఇదేంటండీ! మీరు పని చేసిందే ఎక్స్ఛేంజ్‌లో అని ఇందాక చెప్పారు!”

“చేశాను. తెలియదు.”

హాలు నవ్వింది. ముందు వరసలో ఒకాయన కుర్చీ చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. జిమ్ము కుర్రాడు కట్టుకున్న చేతులు విప్పేశాడు. నవ్వు ఇంకా తగ్గకముందే అందరి కళ్ళూ జడ్జి బల్ల వైపు తిరిగాయి. రెండుసార్లు గంట కొడితే అర మార్కు. అర మార్కుతో పెద్దలు గెలుస్తారు.

గంట మోగలేదు.

“జడ్జమ్మగారూ, నవ్వు మార్కు?” అన్నాడు యాంకరు.

“ఇవ్వను.”

“హాలు కూలిపోయిందండీ! ఎందుకివ్వరు?”

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. “ఆవిడకి జవాబు తెలుసు. ఆవిడ మా అమ్మ. ప్రశ్నలన్నీ నేను ఇంట్లో గిన్నెలు తోముతూ పైకి అనుకున్నాను, ఆవిడ చెవిన పడ్డాయి. ఇవాళ పెద్దలకి ఆవిడ వల్ల వచ్చిన మార్కులేవీ చెల్లవు. కుర్రకారు గెలిచారు.”

ఆ రోజు అన్నిటికంటే పెద్ద నవ్వు అప్పుడు వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. యాంకరు తొడ చరుచుకుని నవ్వాడు. ఇదంతా ముందే రాసుకున్న వేషమనే అందరూ అనుకున్నారు. “గిన్నెలు తోముతూనట!” అని ఎవరో వెనక నుంచి అరిచారు. ఆమె, “నిజం చెబుతున్నాను” అంది. దానికి ఇంకా నవ్వారు.

ఆమె గంటను బల్ల మీద బోర్లించి దిగింది.

ఇంటికి వెళ్ళే బస్సులో తల్లి కిటికీ పక్కన కూర్చుంది.

“పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనని మాట అన్నాను” అంది. “నీకోసం అన్నాను. నువ్వు చేసిందేంటి? మైకు పట్టుకుని ‘ఆవిడకి తెలుసు’ అంటావా? నేనన్నది దండగేగా.”

“గంట కొట్టాల్సిందంటావా మరి?”

“కొట్టకపోయినా, ఊరుకోవచ్చుగా.”

“నాకు రాదమ్మా. మాట నోట్లో ఆగదు.”

“అది చూస్తూనే ఉన్నాను” అంది తల్లి.

టీవీలో వచ్చినప్పుడు మైకు దగ్గర చెప్పిందంతా కత్తిరించేశారు. ‘నీలం’ ఉంది. ‘తెలియదు’ ఉంది. ‘తెలియదు’ను మూడుసార్లు తిప్పి తిప్పి చూపించారు. ఎందుకో చెప్పకుండానే కుర్రకారు గెలిచినట్టు తేల్చారు. తరవాతి వారం నుంచి గంట యాంకరు బావమరిది చేతికి వెళ్ళింది. అతను యాంకరు నవ్వినప్పుడల్లా రెండుసార్లు కొడతాడు. ప్రశ్నలు మాత్రం ఇంకా ఆమే రాస్తోంది. అవి రాసేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. ఆఫీసులోనే రాయాలని షరతు పెట్టారు. పక్క బల్లలవాళ్ళు ఆ గొణుగుడు భరించలేమన్నారు. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని రాస్తోంది. కూరగాయల దుకాణంలో, ‘మీరు కనపడ్డం లేదేంటి’ అని ఒకసారి అడిగారు. ఆ తరవాత అడగడం మానేశారు.

ఇంట్లో గిన్నెలు తోముతున్నంతసేపూ నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఒక సాయంత్రం ముందు గదిలో తల్లి ఒక తువ్వాలును మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. బల్ల మీద కూతురి ఫోను మోగింది. కూతురి చేతులకు నురగ ఉంది.

“ఎవరో చూడమ్మా.”

ప్రొడ్యూసర్. పండు ముసలాళ్ళతో ఒక ప్రత్యేక భాగం అనుకుంటున్నారట. అమ్మమ్మగారు రావాలట. ఏమీ చెప్పక్కర్లేదట. ఏది అడిగినా ‘తెలియదు’ అంటే చాలట.

తల్లి మొత్తం విన్నది. తరవాత వీపు నిటారుగా పెట్టుకుని, కూతురు చిన్నప్పుడెప్పుడో విన్న ఎక్స్ఛేంజ్ గొంతుతో, “లైను ఖాళీ లేదండీ” అని ఫోను పెట్టేసింది.

“ఎవరు?” అంది సింకు దగ్గర నుంచి కూతురు.

“ఏమో, వినలేదు” అని తల్లి ఇంకో తువ్వాలు తీసుకుంది.