గోరు మీది అంకె

టైర్లకు గాలి కొట్టేవాడి షాపులో గేజీ లేదు. కుడి బొటనవేలితో టైరును నొక్కితే లోపలి ఒత్తిడి గోరు మీద అంకెగా తేలుతుంది. లారీ డ్రైవర్లు ఆ గోరు చూసి, సరే అనుకుని బండెక్కుతారు. స్కూలువాళ్ళు ఫుట్‌బాళ్ళు పట్టుకొస్తారు. ఒక పెద్దమనిషి మాత్రం దశాంశాలు కూడా కావాలని పేచీ పెట్టాడు. అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

గాలి కొట్టేవాడి భార్య తలలో నిమ్మకాయంత గడ్డ ఉందని తేలి, మంగళవారం ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ మొత్తం వచ్చేసిందనీ, ఇక కనిపెట్టుకోవలసింది వాపునేననీ డాక్టరమ్మ చెప్పింది. పుర్రె సాగదు, లోపల మెదడు వాస్తే చోటు చాలక నలిగిపోతుంది. అందుకని వాపు మందులు వేళ తప్పకుండా ఇస్తూ, మంచం తలవైపు ఎత్తి పెట్టారు. నర్సు గంటగంటకూ వచ్చి ఆమెను పేరడిగేది, చెయ్యి నొక్కమనేది. అతని వేలి సంగతి విని, నుదుటి మీద పెట్టమని, చార్టులో ఇంకో గడి గీసింది. పదకొండు. టైర్ల లెక్క వేరు, తలల లెక్క వేరని గోరుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇరవై దాటితే పిలవమని చెప్పి వెళ్ళింది నర్సు.

రెండోరోజు మధ్యాహ్నం అతను టీ తాగి వచ్చేసరికి భార్య మంచి నిద్రలో ఉంది. ఆపరేషన్ అలసట కదా, పడుకోనివ్వమన్నారు చూడవచ్చిన చుట్టాలు. నిజమేననిపించింది. అయినా చెయ్యి ఊరుకోదుగా, నుదుటి మీద వేలు పెట్టాడు.

ఇరవై నాలుగు.

నర్సును కేకేసి మంచం కేసి చూశాడు. చుట్టాలకు మంచం చుట్టూ తిరిగే శ్రమ లేకుండా కోడలి మొహం కనబడాలని, అతని తల్లి ఆమె తలను గుమ్మం వైపు తిప్పి, కదలకుండా దిండు దోపి ఉంచింది. ప్రేమకొద్దీ చేసిన పనే.

"అమ్మా, మెడ మెలికపడింది. ట్యూబు మెలికపడితే గాలి ఎటూ పోదు" అన్నాడు.

"తలలోంచి రక్తం కిందికి దిగడం లేదు" అంటూ నర్సు దిండు తీసి మెడ నిటారుగా పెట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చి కంటిపాపల్లో లైటు వేసి చూసింది. వాపు లాగే మందు ఎక్కించమంది. అవసరమైతే పుర్రె మళ్ళీ తెరవాలని థియేటరుకి కబురు పంపింది.

అతను వేలు నుదుటి మీదే ఉంచాడు. తన వేలి కింద ఏ అంకె కూడా ఎక్కువసేపు మొండికెయ్యదని అతనికి తెలుసు. ఇరవై రెండు. పంతొమ్మిది. పద్నాలుగు. స్కానింగులో కూడా రక్తం గడ్డకట్టలేదని తేలాక, థియేటరు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పి పంపింది.

తల్లి మాత్రం గుమ్మం బయటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. సాయంత్రానికి కోడలు కళ్ళు తెరిచింది. తల కదపొద్దని నర్సు హెచ్చరించింది. కోడలు కళ్ళు మాత్రం గుమ్మం వైపు తిప్పింది.

"అత్తయ్యా, మీరే ఇటు రండి. నేను మెడ తిప్పకూడదట."

ఆవిడ లేచి లోపలికి వచ్చి, మంచం చుట్టూ తిరిగి, కోడలికి ఎదురుగా నిలబడింది.