తడక కాదు, గోడ

ఎంకపల్లిలోని చిన్నపిల్లల బడిలో తడకను తడక అనకూడదు, గోడ అనాలి. ఈ కట్టుబాటు పెట్టింది ఎవరో కాదు, ఆ బడికి ప్లాను గీసిన సమతే.

ఊరి ఎర్రమట్టిలో సున్నం కలిపించి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి వెనక గోడ లేపింది. లోపల మాత్రం గోడలు కట్టలేదు. వెదురు తడకలను గిరకలకు వేలాడదీసింది. తాడు లాగితే తడక లేచి హాలంతా ఒక్కటవుతుంది, వదిలితే నేలమీది గాడిలో దిగి ఒక మూల ఇసుకాటకు, ఇంకో మూల వంటాటకు అర్రలు ఏర్పడతాయి. పిల్లలు తమ బడిని తమ చేతులతో మార్చుకోవడం కంటే పెద్ద చదువేముందని ఆమె వాదం. ఊరు వింటేగా! "తడకల బడి" అని పళ్లికిలించింది. సమతకు ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి ఆయా సాలమ్మ నోట తడక అన్న మాట వస్తే చాలు, "గోడ అను అవ్వా" అని దిద్దేది.

మట్టిగోడ వానకు ఆగుతదా అని అడిగినవాడు పూలతోట జ్ఞానేశ్వర్. అతని కొడుకూ ఆ బడికే రావాలి మరి.

"ఫికర్ చెయ్యకన్నా. నా బిడ్డనే ఈ బడిల కూసోబెడుతున్న" అంది సమత. అన్నట్టే చేవెళ్ల నుంచి రోజూ తన పింకీని స్కూటీ మీద తెచ్చి దింపేది. ఆ మాటతో ఊరి నోరు మూతపడింది.

ముసురు పట్టి మట్టంతా నానుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం సమత చేవెళ్ల ఆఫీసులో ఉండగా సాలమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, గోడ పడ్డది. పింకీ లోపల్నే ఉన్నది. ఎంత లేపినా లేస్తలేదు. జల్ది రా."

అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఆమె స్కూటీ ఎలా తీసిందో, రెయిన్‌కోటు ఎక్కడ వదిలేసిందో దేవుడికెరుక. మొయినాబాద్ వైపు రోడ్డంతా నీళ్లు. లారీలు బురద చిమ్ముతున్నా తుడుచుకోలేదు. లేస్తలేదు, లేస్తలేదు అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. చూరు ఇంకో మూరెడు బయటికి తియ్యాల్సింది. వాన జల్లు గోడకు తగలకుండా ఉండేది. లోపలికి వెలుతురు కావాలని తనే తగ్గించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఏ దేవుడికి మొక్కాలో కూడా తెలియక "నా తల్లీ, నా తల్లీ" అని ఏడుస్తూ బండి నడిపింది.

బడి ముందు స్కూటీ పడేసి వెనక్కి పరుగెత్తింది. మట్టిగోడ నిలబడే ఉంది. పైభాగం తడిసి నల్లబడింది, అంతే.

లోపల వంటాట అర్ర తడకను సాలమ్మ, కొడుకును తీసుకుపోవడానికి వచ్చిన జ్ఞానేశ్వర్ కలిసి పైకి లాగుతున్నారు. ముసురుకు వెదురు ఉబ్బి గాడిలో బిగుసుకుపోయింది. తడక వెనక నుంచి పింకీ గొంతు హాయిగా వినబడింది.

"ఇంక బువ్వ కాలే. అయినంక రాండ్రి."

సమత అక్కడే కూలబడింది.

"గోడ పడ్డదన్నవు గదా అవ్వా."

"పడ్డది గదా, గిదే" అని సాలమ్మ తడక మీద చెయ్యి వేసింది. "లేపుతే లేస్తలేదు. నువ్వే గదా గోడ అనమన్నవు."

సమతకు ఏడుపులోంచి నవ్వొచ్చింది. సాలమ్మా నవ్వింది. జ్ఞానేశ్వర్ నవ్వలేదు.

"మీరు ఏ గోడ అనుకున్నరు, మేడం?"

సమత నవ్వు ఆగిపోయింది. ఆమె కళ్లు వెనక గోడ వైపు పోయాయి. అతనూ అటే చూశాడు.

"మీ బిడ్డను కూసోబెట్టిన్రని నా పిలగాన్ని కూసోబెట్టిన" అన్నాడు మెల్లగా.

అబద్ధం నోటిదాకా వచ్చింది. గోడకేం కాదనొచ్చు. కానీ దారంతా తను ఏడ్చింది ఆ గోడను తలుచుకునే కదా.

"భయమైందన్నా. చూరు చిన్నగ పెట్టిన. జల్లు కొడుతున్నది."

ముగ్గురూ కలిసి లాగితే తడక లేచింది. పింకీని ఎత్తుకుని, మిగతా పిల్లలను నడిపించుకుని సాలమ్మ ముందరి వసారాలోకి చేర్చింది. జ్ఞానేశ్వర్ తాళ్లు విప్పి తడకను భుజాన వేసుకుని వానలోకి నడిచాడు. సమత రెండో కొస పట్టుకుంది. మట్టిగోడకు జల్లు తగలకుండా దాన్ని చూరు కింద అడ్డంగా కడుతూ అతను అడిగాడు.

"ఇప్పుడు దీన్నేమనాలె, మేడం?"

సమత తాడు ముడి బిగించింది.

"తడక, అన్నా" అంది.