విడి అమ్మకం

పాత పేపరును మోకాలి మీద పెట్టి, బొటనవేలి గోటితో మడత మీద గీత గీసి, చర్రున నాలుగు ముక్కలు చేశాడు పొట్లాల బాబాయి. మందులషాపు తెరవగానే ఆయన మొదటి పని అదే. ఆయన కట్టినంత నేర్పుగా పొట్లం ఇంకెవరూ కట్టలేరు. దారం లేదు, జిగురు లేదు, మూలను మూలలోకి దోపితే ఇల్లు చేరేదాకా ఊడదు. నెత్తిన జుట్టు పలచబడింది గానీ చెవుల మీద మాత్రం గుబురుగా మొలిచింది. అచ్చుసిరా పట్టి వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి.

ఆడవాళ్ల ప్యాడ్లు ఆ పొట్లాల్లోనే వెళ్లేవి. కొనేవాళ్లు నేల చూసి అడిగేవారు, ఈయన గోడ చూసి ఇచ్చేవాడు. భార్య పోయిన కొత్తలో, ఓ రోజు కూతురు స్కూలు నుంచి వచ్చి గది తలుపు వేసుకుని ఏడ్చింది. రోజంతా అవే అమ్మే మనిషి తలుపు బయట నిలబడి ఒక్క మాట అనలేకపోయాడు. చివరికి పక్కింటి పిన్ని వచ్చి లోపలికి వెళ్లింది. ఊరందరికీ పొట్లాలు కట్టేవాడికి తన నోటికి పడ్డ కట్టు విప్పుకోవడం చేతకాలేదు. ఆ కూతురు ఇప్పుడు బస్సు కండక్టరు. "నాన్నకి అప్పుడు మాట రాలేదు గానీ, నెలనెలా నా దిండు కింద ప్యాకెట్టు పెట్టడం మాత్రం ఏనాడూ మర్చిపోలేదు" అని నవ్వుతూ చెబుతుంది.

ఎదురుగా కుట్టుమిల్లు వచ్చాక బాబాయి ఒకటి గమనించాడు. అక్కడి అమ్మాయిలు ప్యాకెట్టు తిప్పి ధర చూసి, మళ్లీ అక్కడే పెట్టేసి, తలనొప్పి మాత్రతో వెళ్లిపోతున్నారు. అసలు ధరే బరువు, దాని నెత్తిన అమ్మకం పన్ను. ఒకనాడు ఆయన ప్యాకెట్టు చింపి విడిగా అమ్మేశాడు. షాపు యజమాని లబలబలాడాడు.

"బాబాయ్, పన్ను ప్యాకెట్టు మీద వేస్తారు గానీ ముక్క మీద వెయ్యరు. బిల్లెలా కొట్టను?"

"ప్యాకెట్టు నేను కొన్నట్టు కొట్టు. పన్ను నా జీతంలో పట్టుకో. ఈ వయసులో నాకెందుకని ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం."

యజమానికి నవ్వాగలేదు. అప్పటినుంచి ఆ బిల్లులన్నీ బాబాయి పేరునే.

ఈవేళ భోజనాలకి ముందు, మిల్లు ఏప్రన్‌తో ఓ కొత్త పిల్ల వచ్చింది. తలనొప్పి మాత్ర అడిగి తీసుకుంది గానీ, బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఇంకేం కావాలమ్మా?"

"ఏం లేదు తాతా." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మిల్లులో కింద పడ్డ పేలికలు పెట్టుకుంటున్నా. ఒరుసుకుని పుండు పడింది. కూర్చుని కుట్టలేకపోతున్నా. ఇవాళ కూడా ఇంటికెళ్తానంటే ఇంక రావద్దంటారు. ప్యాకెట్టు కొనలేను."

గోడ వైపు తిరగబోయిన బాబాయి ఆగి, ఆమె మొహంలోకే చూశాడు.

"ప్యాకెట్టు ఎవరు కొనమన్నారు? ఇక్కడ విడిగానే ఇస్తాం. ఆ పేలికలు మానెయ్యి. ఈ మందు రాసినా తగ్గకపోతే డాక్టరమ్మకి చూపించుకో. సిగ్గుపడి కూర్చుంటే పుండు మానదు."

మందూ ప్యాడ్లూ బల్ల మీద పెట్టి, కాగితం ముక్క అందుకున్నాడు.

"చుట్టొద్దు తాతా."

"అదేంటి?"

"మీరు చుట్టబట్టే అవేంటో అందరికీ తెలిసిపోతోంది. సబ్బుబిళ్ల ఎవరూ పొట్లం కట్టించుకోరుగా."

కాగితం ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ల విద్యను ఈ పిల్ల ఒక్క మాటతో ఊదిపారేసింది. దాన్ని పక్కన పెట్టేసి భుజాలు అదిరేలా నవ్వాడు.

"నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉన్నావే."

పిల్ల కూడా నవ్వింది. ప్యాడ్లు చేత్తో పట్టుకునే రోడ్డు దాటింది. సైకిలు మీద పోతున్న ఒకతను తల తిప్పి మరీ చూశాడు. ఆమె అతన్ని పట్టించుకోలేదు. బాబాయి గుమ్మంలోకి వచ్చి, ఆమె మిల్లు గేటు దాటేదాకా చూశాడు.

"చూశావా, ఎంత దర్జాగా వెళ్లిందో" అన్నాడు యజమానితో.

భోజనం అయ్యాక స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకుని యజమాని వచ్చినవాళ్లతో మెల్లగా మాట్లాడాడు. దగ్గుమందు సీసా ఏ అరలో ఉందో అడుగుదామని భుజం తట్టినప్పుడు గానీ ప్రాణం పోయిందని తెలియలేదు. ఆ మొహంలో బాధపడ్డ జాడే లేదు.

కూతురు కండక్టరు బట్టల్లోనే పరుగున వచ్చింది. నాన్న చెవుల మీది జుట్టు సర్దింది. ఇంటికి తీసుకువెళ్లింది. యజమాని షట్టరు సగం దించాడు. మిగతా సగానికి చెయ్యి రాలేదు. మిల్లు వదిలే వేళకి ఇంకో అమ్మాయి ఆ షట్టరు కింద నుంచి వంగి చూసింది.

"తాత లేరా అండీ?"

యజమాని ఖాళీ స్టూలు వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లు చూశాక ఆమెకు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనుదిరగబోయింది.

"ఉండమ్మా."

అరలోంచి ప్యాకెట్టు తీశాడు. ఎక్కడ చింపాలో తెలియక పళ్లతో కొరికాడు.

"ఎన్ని కావాలి?"

ఆమె వెళ్లాక, లైటు ఆర్పడానికి వెనకగదిలోకి నడిచాడు. కుళాయి గట్టు మీద బాబాయి అన్నం డబ్బా కడిగి బోర్లించి ఉంది, మూత గోడకి చేరేసి ఉంది. డబ్బా కింద గట్టు ఇంకా తడిగానే ఉంది.