రెండింటికి కునుకు తీసే సర్వర్

ఆ గల్లీలో ఏసీ ఉన్న ఇల్లు ఒక్కటే. అది కూడా మనుషుల కోసం పెట్టించింది కాదు.

హనోకు హైదరాబాద్‌లో ఒక వెబ్ హోస్టింగ్ కంపెనీలో మూడేళ్లు పనిచేశాడు. అది మూతపడ్డాక 2002లో నిజామాబాద్ వచ్చేసి, వినాయక్‌నగర్‌లో తమ ఇంటి వెనక పసుపు బస్తాలు వేసుకునే గదిని ఖాళీ చేశాడు. గోడలకు సున్నం కొట్టించి, అందులో రెండు సర్వర్లు పెట్టాడు. మన ఊళ్లవాళ్ల వెబ్‌సైట్లు ఎక్కడో దూరదేశంలో ఎందుకుండాలి, నిజామాబాద్‌లోనే ఉండొచ్చు కదా అన్నది అతని ఆలోచన. ఈ సంగతి తల్లి శారమ్మకు వివరించడానికి అతనికి ఒక సాయంత్రమంతా పట్టింది.

"అంటే కిరాయిదార్లు అన్నట్టు," అంది ఆమె చివరికి. "గా డబ్బాలల్ల గదులు కిరాయికిస్తున్నవ్."

"గట్లనే అనుకో అవ్వా."

"నీళ్లు, కరెంటు మనమే ఇయ్యాల్నా?"

"నీళ్లొద్దు. కరెంటు మాత్రం ఒక్క నిమిషం గూడ పోవద్దు."

శారమ్మ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక్క నిమిషం కూడా కరెంటు పోకూడని గదులు ఆమెకు కొత్త కాదు. తలూపింది.

హనోకు అన్నిటికీ ముందే సిద్ధపడ్డాడు. కరెంటు పోతే సర్వర్లు నిలబడడానికి బ్యాటరీలు, బ్యాటరీలు దిగిపోయేలోపు అందుకోవడానికి జనరేటర్, టెలిఫోన్ లైను తెగితే ఆదుకోవడానికి ఇంకో లైను. సర్వర్ వేడెక్కితే దానంతటదే ఆరిపోతుంది కాబట్టి, అలా ఆరకుండా ఏసీ. మధ్యాహ్నాలు అతను ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. అందుకని తల్లికి ఒకే ఒక్క పని నేర్పాడు. పచ్చ లైటు ఆరితే ఈ బటన్ నొక్కాలి, అంతే.

ఏడాది తిరిగేసరికి పదకొండు వెబ్‌సైట్లు వచ్చి చేరాయి. జక్రాన్‌పల్లి స్కూలుది ఒకటి, మోర్తాడ్ పసుపు వ్యాపారిది ఒకటి, చర్చి యువజన సంఘానిది ఒకటి, ఇంకా అలాంటివే. అన్నిట్లోకీ పెద్దది జగన్మోహనరావుది. ఆయన బోధన్ దగ్గర కాలవ కింద చెరకు పండించే రైతు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వ్యవసాయం కొడుక్కి అప్పజెప్పాక పెళ్లి సంబంధాలు కుదర్చడంలో పడ్డాడు. ఎనభై రెండు మంది పెళ్లీడు వాళ్ల ఫొటోలు, జాతకాలు హనోకు సర్వర్లో ఉన్నాయి.

మే నెల మొదటి వారంలో ఆయన ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేశాడు.

"బాబూ హనోకూ, మన సైటు తెరుచుకోవట్లేదయ్యా."

హనోకు క్లాసు ముగించుకుని మోటారు సైకిల్ మీద ఇంటికి చేరేసరికి నాలుగున్నర అయింది. సర్వర్ నిక్షేపంగా నడుస్తోంది. మర్నాడు మళ్లీ రెండుంబావుకు ఫోను. ఆ మర్నాడూ అంతే. రెండు నుంచి నాలుగు దాకా సైటు ఉండదు. నాలుగు దాటితే ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

"తొంభై తొమ్మిది శాతం నడుస్తుందని కాగితం మీద రాసిచ్చావు," అన్నాడు జగన్మోహనరావు నాలుగో రోజు. "మా చెరకులో పదకొండు శాతం పంచదార దిగితేనే మేం పండగ చేసుకుంటాం. తొంభై తొమ్మిది అంటే నమ్మాను చూడు, నన్ననాలి."

హనోకు సిగ్గుతో చచ్చిపోయాడు. బ్యాటరీలు మార్చాడు. జనరేటర్ విప్పి మళ్లీ బిగించాడు. తప్పంతా లైనుదేనని తేల్చుకుని టెలిఫోన్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. వాళ్లు పరీక్షించి లైను బాగుందన్నారు. "రెండు గంటలకు పరీక్షించుండ్రి, అప్పుడు తెలుస్తది," అని గొడవపడి, ఒక రోజు ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు పెట్టి, నర్సింలు అనే లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని మూడు గంటలకు ఇంటికి బయల్దేరాడు.

ఇంటి వెనక సర్వర్ గది తలుపు దగ్గర తొమ్మిది జతల చెప్పులున్నాయి. వాటిలో ఒక జత మగవాళ్లది, తోలువి, ఖరీదైనవి.

హనోకు తలుపు తోశాడు.

లోపల చాప పరుచుకుని గల్లీలోని ముసలమ్మలంతా వరసగా పడుకుని ఉన్నారు. సాయవ్వ, రాములవ్వ, యేసమ్మ, వాళ్ల వెనక ఇంకో నలుగురు. మూలన పెరుగు గురిగి. సర్వర్ల వెనకాల, వేడి గాలి బయటికొచ్చే చోట, తడిపిన నేతచీర ఒకటి నాలుగు మడతలేసి ఆరేసి ఉంది. పచ్చ లైటు ఆరిపోయి ఉంది. గోడకు చేరగిలబడి, పంచె ఎగ్గట్టుకుని, నోరు తెరిచి జగన్మోహనరావు గుర్రుపెడుతున్నాడు.

నర్సింలు గదిలోకి తొంగిచూసి, చల్లగాలి మొహానికి తగలగానే టోపీ తీశాడు. "లైను మంచిగనే ఉన్నది అన్నా," అన్నాడు మెల్లగా.

శారమ్మ లేచి కూచుంది. "గట్ల తలుపు తెరిచి నిలవడకురా, సల్లదనమంత పోతది."

"అవ్వా! లైటు ఆరింది గద!"

"రోజు ఆరుతనే ఉంటది. మేం లేచి ఇండ్లకు పోయేటప్పుడు నువ్వు సూపెట్టిన బటన్ నొక్కుతున్న. అది గూడ మనలెక్క జరంతసేపు పండుకుంటదేమో అనుకున్న."

"మరి గీ చీర?"

"గా చీరనా? నాదే బిడ్డా," అంది సాయవ్వ నిద్రమత్తులో. "గా డబ్బా ఎనక మంచి గరం గాలొస్తది. గంటల ఆరుతది."

ఈ మాటలకు జగన్మోహనరావుకి మెలకువ వచ్చింది. కళ్లు నులుముకుని, తనెక్కడున్నాడో గుర్తు తెచ్చుకుని, పంచె సర్దుకున్నాడు. నిజానికి ఆయన తన సైటు ఎక్కడుంటుందో కళ్లారా చూసి, హనోకును నాలుగు మాటలు అడిగిపోదామని ఒంటిగంట బస్సులో బోధన్ నుంచి వచ్చాడు. బస్టాండు నుంచి నలభై అయిదు డిగ్రీల ఎండలో నడిచాడు. శారమ్మ గ్లాసెడు మజ్జిగ ఇచ్చి ఈ గదిలో కూచోమంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకు తెలీదు.

"ఇందులో ఏది నాది?" అని అడిగాడు.

హనోకు చీర తీసి చూపించాడు. జగన్మోహనరావు చేత్తో తాకి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. "ఎనభై రెండు మంది పిల్లల భవిష్యత్తయ్యా ఇది," అని మాత్రం అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంతసేపూ తానే అక్కడ నిద్రపోయి ఉన్నాడు కాబట్టి గట్టిగా కోప్పడలేకపోయాడు.

ఆ రోజే హనోకు గదికి తాళం వేశాడు.

"మనుషులు ఎండకు మాడిపోతున్నరు. డబ్బాకు సల్లగుంటే సాలా?" అంది శారమ్మ.

"డబ్బా ఆగితే మన ఇల్లు ఆగుతది అవ్వా."

ఆమె మళ్లీ మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గిన్నెలు తీసేది, అంతే. ముసలమ్మలు రేకుల పందిరి కింద అట్టముక్కలతో విసురుకుంటూ కూచునేవాళ్లు. హనోకు ఆ దారిన పోతుంటే విసరడం ఆపి, అతను మలుపు తిరిగేదాకా అందరూ అతన్నే చూసేవాళ్లు. సైటు మాత్రం రెండింటికీ ఉంది, మూడింటికీ ఉంది. ఎనిమిది రోజులు జగన్మోహనరావు ఫోన్ చేయలేదు.

తొమ్మిదో రోజు ఒంటిగంటకే చేశాడు. "మళ్లీ మొదలైంది బాబూ. పైగా ఇవాళ గంట ముందే!"

హనోకు వచ్చి తాళం తీసేసరికి గదిలోంచి రొట్టెల బట్టీ తెరిచినట్టు వేడి కొట్టింది. ఏసీ చచ్చిపోయింది. ఒక సర్వర్లో డిస్కు కాలిపోయింది. అది సరిగ్గా పెళ్లి సంబంధాలున్న డిస్కు.

"పన్నెండున్నరకు ఏసీ బయటి పంకా గుయ్యిమనుడు ఆగింది," అంది శారమ్మ గుమ్మంలో నిలబడి. తొమ్మిది రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"ఇని కూడ తెరువలేదేందే?"

"తాళంచెయ్యి నీ జేబుల ఉండె."

ఏసీ బాగుచేయించి, కొత్త డిస్కు తెప్పించి, సీడీలో దాచిన నకలు ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. ఆ నకలు పదిహేను రోజుల కిందటిది. అందులో ఒక పెళ్లికొడుకు ఇంకా సంబంధాలు చూస్తూనే ఉన్నాడు. అసలు మనిషికి బుధవారమే పెళ్లయింది. సైటు శుక్రవారం తెరుచుకోగానే ఆ ఫొటో కింద 'సాంప్రదాయ కుటుంబంలోని అమ్మాయి కావలెను' అని చూసి, కొత్త మామగారు వీరరాఘవయ్య కర్ర పట్టుకుని జగన్మోహనరావు ఇంటికొచ్చాడు. ఆయన్ని శాంతపరచడానికి, ఇది మనిషి తప్పు కాదు, నిజామాబాద్‌లో ఎండ తప్పు అని నమ్మించడానికి ఒక పూట పట్టింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక హనోకు తాళంచెవి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"తప్పయింది అవ్వా. నువ్వే సూసుకోవాలె."

శారమ్మ తాళంచెవి కొంగున ముడేసుకుని, ముందుగా సర్వర్ మీద అరచేయి తిప్పి ఆనించింది, పేషెంటు నుదురు చూసినట్టు. "జరం లేదు," అంది. "ఎంతుండాలె దీనికి?"

"ఇరవై రెండు. ఇరవై అయిదు దాటొద్దు."

"చార్టు ఏది?"

హనోకు గోడకు థర్మామీటరు తగిలించి, గీతలు గీసిన కాగితం, పెన్సిలు కట్టాడు. శారమ్మ గంటగంటకూ అంకె రాసేది. ఒక్కసారికి ముగ్గురికి మించి లోపలికి రానిచ్చేది కాదు. చీరలు లేవు, పెరుగు గురిగి లేదు. పడుకున్నా ఒకరు మెలకువగా ఉండాల్సిందే. రాములవ్వకు చెవులు బాగా పనిచేస్తాయి కాబట్టి పంకా శబ్దం వినడం ఆమె పని. నెలాఖర్లో ఒకసారి ఏసీ మళ్లీ మొరాయించింది. అయిదు నిమిషాల్లో యేసమ్మ వీధి చివరి టెలిఫోన్ బూత్ నుంచి ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి, "హనోకుకు చెప్పుండ్రి, పేషెంటు ఇరవై ఆరు!" అని అరిచింది. ఫోనెత్తిన గుమాస్తా ఎవరికో సీరియస్సనుకుని హనోకును ఆటోలో పంపించాడు. ఆ రోజు ఏ సైటూ ఆగలేదు.

జగన్మోహనరావు లెక్కవేసి చూసుకుని, మే నెలాఖరు వారం నూటికి నూరూ నడిచిందన్నాడు. తన సైటు మొదటి పేజీలో 'అనుభవజ్ఞులైన పెద్దల పర్యవేక్షణలో' అని రాయించుకున్నాడు. చదివినవాళ్లు అది సంబంధాల గురించనుకున్నారు. అప్పటినుంచి ఆయనకు ఫోన్లు ఎక్కువయ్యాయి.

జూన్ పదిహేనున వాన పడింది. గల్లీ అంతా చల్లబడింది. మర్నాడు మధ్యాహ్నం హనోకు ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చి చూస్తే గదిలో తల్లి ఒక్కతే ఉంది, చాపమీద శాలువా కప్పుకుని.

"మిగిలినోళ్లేరి?"

"రామన్నరు. గీ గదిల సలి పెడ్తదట."

హనోకు గొడుగేసుకుని సాయవ్వ ఇంటికి పోయాడు. ఆమె అరుగు మీద మొక్కజొన్న కంకి కాల్చుకుంటోంది.

"పెద్దమ్మా, జర రావాలె. నువ్వు లేకుంటే నడువది."

"ఎందుకు బిడ్డా, వానొచ్చింది గద?"

"వాన బయట. డబ్బాకేం తెలుస్తది?"

సాయవ్వ కంకిని రెండో వైపుకు తిప్పింది.

"సరే వస్త," అంది. "గని గా చీర ఆరేసుకోనియ్యాలె. వానకు ఒక్కటి గూడ ఆరుతలేదు."